తమ్ముడు వెనక్కి తీసుకున్న మాట

దమ్మాంలో ఉండే మన తెలుగోళ్ళందరూ బాగుండారా? జుబైల్‌లో షిఫ్టు డ్యూటీలు చేసే పిల్లోళ్ళు వేళకు తింటాండారా? రియాద్ బతాలో మెస్సు నడిపే అన్నకు మోకాళ్ళ నొప్పులు తగ్గినాయా? శుక్రవారం అంతమందికి ఒక్కడే వడ్డిస్తాడని విన్నాను, పక్కన ఒక మనిషిని పెట్టుకోమని ఎవరైనా చెప్పండి. రాబిగ్ రిఫైనరీలో వేడికి పనిచేసే కరీంనగర్, నిజామాబాద్ తమ్ముళ్ళు నీళ్ళు సరిగ్గా తాగుతాండారా? నజ్రాన్‌లో తోటల పనికి పోయిన మా కదిరి దిక్కు వాళ్ళు ఇంటికి ఫోన్ చేస్తాండారా? చేయకపోతే మీ అమ్మకు నిద్ర పట్టదు, వింటే నాకూ పట్టదు. సుగరున్నోళ్ళు మాత్రలు మానేయొద్దు. బీపీ ఉన్నోళ్ళు అసలే మానేయొద్దు. ఎందుకింత చెప్తాండానంటే, మా తమ్ముడు పోయినాడు.

ఇక్కడి యూనివర్సిటీలో కెమిస్ట్రీ చెప్పే సారు అంటే మీలో చాలామందికి తెలుసు. పొద్దున క్లాసుకు రాలేదని ఆయన దగ్గర చదివే పిల్లోళ్ళు ఫోన్లు చేసినారు. ఎత్తకపోయేసరికి వాచ్‌మన్‌తో తలుపు తీయించినారు. కుర్చీలో కూర్చున్నోడు కూర్చున్నట్టే ఉన్నాడంట. గుండె ఆగిపోయిందన్నారు. బీపీ మాత్రల అట్ట నేను బల్ల మీద యాడ పెట్టి వచ్చినానో ఆడనే ఉండాది, ఒక్కటీ చించలేదు. నా కొడుకు, మా పిల్లోడు, వచ్చి ఈ మాట చెప్పినప్పుడు నాకు ముందు ఏడుపు రాలేదు, కోపమొచ్చింది. ఇప్పటికీ ఆ కోపం పోలేదు. మీరేమనుకున్నా సరే.

సాయంత్రం అసర్ నమాజు తర్వాత మట్టి చేసినారు. ఆడోళ్ళు పోరు కాబట్టి నేను ఇంట్లోనే ఉన్నాను. మా పిల్లోడు తిరిగొచ్చి, ఇక్కడ సమాధి మీద పేరు రాయరమ్మా, వట్టి రాయి పెట్టినారు, మామకు అదే నచ్చుతుందిలే అన్నాడు. వానికి నచ్చితే చాలా? ఎన్ని దేశాల పుస్తకాల్లో వాని పేరు అచ్చయి ఉండాది. మట్టిలో పెట్టిన చోట లేకపోతే నాకు బాధ కాదా?

మన సంఘం వాళ్ళు సారు గురించి పత్రికకు ఏదైనా రాయమన్నారు. చదువుకున్నోళ్ళ చేత రాయించండి నాయనా, నాకేం తెలుసు అన్నాను. చదువుకున్నోళ్ళు రాస్తే ఎన్ని పేపర్లు రాసినాడో, ఏ బిరుదులొచ్చినాయో రాసి ఊరుకుంటారమ్మా, నువ్వు రాయి అన్నారు. సరే, రాస్తాండా. తప్పులుంటే దిద్దుకోండి.

మా నాయన దూది ఏకి పరుపులు కుట్టేవాడు. అమ్మ పోయినాక నేను బడి మానేసి నాయనకు సాయం కూర్చున్నాను. తమ్ముడు బడికి పోయేవాడు. సాయంత్రం ఇంటికొచ్చి నేను దూది విడదీస్తా ఉంటే పక్కన చేరి పాఠం గట్టిగా చదివేవాడు. చదివి ఊరుకుంటాడా, పలక నా ఒళ్ళో పెట్టి నువ్వూ రాయక్కా అనేవాడు. నాకు ముక్కు నిండా దూది, చెయ్యి ఊరికే ఉండదు, పొయ్యి మీద సంగటి మాడుతా ఉంటుంది. అయినా వదిలేవాడు కాదు. తప్పు రాస్తే ఉమ్ముతో తుడిచి మళ్ళీ రాయించేవాడు. ఈ రోజు మీరు చదివే అక్షరం ఆ పలక చలవే. ఆ మాట వాడు బతికుండగా వానితో ఎప్పుడూ అనలేదు. అంటే నవ్వేవాడు.

నవ్వినా మూతి మూసుకొని నవ్వేవాడు. మా దిక్కు బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువ. చిన్నప్పటి నుంచి తాగితే పండ్ల మీద గోధుమరంగు చారలు పడతాయి, పెద్దయ్యేకొద్దీ ఎముకలు బిగుసుకపోతాయి. మా నాయన ఆఖరి ఏండ్లలో మెడ తిప్పలేకపోయేవాడు. పక్కన ఎవరైనా పిలిస్తే మనిషి మనిషంతా తిరగాల్సిందే. తమ్మునికి పండ్లకే ఆగింది. ఇంత ఉద్యోగం వచ్చినాక బాగు చేయించుకోరా, ఇక్కడ పిల్లలు నువ్వు సిగరెట్లు తాగుతావనుకుంటాండారు అంటే, అనుకోనీలేక్కా అనేవాడు.

వానికి ఒక పాడు అలవాటు ఉండేది. ఎవరింటికి పోయినా టీ ముట్టడు, ముందు నీళ్ళడుగుతాడు. నోట్లో పోసుకొని అటూ ఇటూ తిప్పి, మింగి, కండ్లు మూసుకొని, ఇది ఫలానా దిక్కు నుంచి వచ్చే ట్యాంకరు నీళ్ళే కదా అంటాడు. మా కోడలు కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు ఆయన ముఖం చూసి, గ్లాసు సరిగ్గా కడగలేదేమో అని లోపలికి పోయి ఏడ్చింది. మా ఫ్రిజ్‌లో పై అరలో ఎప్పుడూ వాని సీసాలే. ఎవరూ తాగొద్దండి అని పోతా పోతా గుమ్మంలో చెప్తాడు. ఏముందిరా అంటే ఏమీ లేదక్కా, నీళ్ళే అంటాడు. నీళ్ళైతే తాగితే ఏమవుతుంది? అప్పుడు మాత్రం చెప్పులేసుకొని జారుకుంటాడు. మా మనవళ్ళకు మంచినీళ్ళు కావాలన్నా నేను దగ్గర నిలబడి ఇవ్వాల్సి వచ్చేది.

వాడు చదివింది కెమిస్ట్రీ. తర్వాత ఇంజనీరింగు వాళ్ళతో కలిసి పనిచేసినాడు. రెండిటికీ తేడా ఏందిరా అని అడిగితే, నీళ్ళలో ఏముందో చెప్పేది కెమిస్ట్రీ, దాన్ని తీసేసే డబ్బా చేసేది ఇంజనీరింగు అన్నాడు. మరి రెండూ ఒకరే చేస్తే పోయె కదా అంటే, నేను చేసేది అదేనక్కా, అందుకే ఇద్దరికీ నా మీద కోపం అన్నాడు.

ఈ పేపర్ల సంగతి నాకు చాలా కాలం తెలీలేదు. ఎప్పుడు చూసినా పేపరు రాస్తాండా, పేపరు పంపినా, పేపరు తిరిగొచ్చింది అంటాడు. రాసినోళ్ళకు ఏమిస్తారంటే ఏమీ ఇవ్వరంట. మరెందుకు రాసేది? అప్పుడు వాడు ఇట్లా చెప్పినాడు. అక్కా, మన పెండ్లిండ్లలో చదివింపులు చదువుతారు కదా, ఫలానా వాళ్ళు ఫలానా బిందె అని పేరు పెట్టి గట్టిగా. అట్లే, ఎవరైనా కొత్త పేపరు రాసేటప్పుడు, ఈ సంగతి నాకు ఫలానా ఆయన పేపరు వల్ల తెలిసింది అని చివర్లో పేరు రాస్తారు. ఎంతమంది పేపర్లలో మన పేరు చదివితే మనకు అంత విలువ.

ఆ మాటతో నాకు అంతా అర్థమయింది. అయితే నువ్వూ వాళ్ళ పేర్లు రాయి, వాళ్ళూ నీది రాస్తారు, పెండ్లిండ్లలో మనం అట్లే కదా చేసేది అన్నాను. దానికి వాడు నెత్తి పట్టుకున్నాడు. లోకమంతా అట్లే చేస్తాండారక్కా అని వాడే ఒప్పుకున్నాడు. పేపరు సరిచూసే మనిషి, ముందు నా పేరు నీ పేపర్లో చదివించు, అప్పుడు నీది పాస్ చేస్తా అని నేరుగా అడుగుతాడంట. మరి చదివించు, నీ సొమ్మేం పోయింది అంటే వినడు. అడిగి చదివించుకుంటే దానికి రుచి ఉండదక్కా అంటాడు. రుచి ఏంది, సాంబారా అది?

ఏటేటా వాళ్ళ యూనివర్సిటీలో ఎవరి పేరు ఎంతమంది చదివినారో వరుసగా గోడకు పెడతారు. దాన్ని బట్టే కాంట్రాక్టు మళ్ళీ రాస్తారు. మీకు తెలుసు కదా, కాంట్రాక్టు లేకపోతే ఇక్కడ ఉండేదానికి ఇఖామా కార్డు లేదు, ఇఖామా లేకపోతే ఎగ్జిట్టే, ఊరికి పోవాల్సిందే. అరవై దాటినోడు, మా మరదలు పోయి ఏండ్లయింది, పిల్లలు లేరు. ఇక్కడ నేను, మా పిల్లోడు ఉండబట్టి శుక్రవారం ఇంత అన్నం తింటాండాడు. వాణ్ణి ఒంటరిగా ఊరికి పంపితే ఎవరు చూసుకుంటారని ఆ లిస్టు పెట్టే నెల వస్తే నాకు దడ పట్టుకునేది. వానికి మాత్రం పట్టేది కాదు.

ఇట్లాంటి మనిషికి ఒక్కసారి అదృష్టం కలిసొచ్చింది. అది ఖర్జూర గింజల వల్ల. గింజలను కాల్చి బొగ్గు చేసి, ఆ బొగ్గు గుండా నీళ్ళు పోనిస్తే ఫ్లోరైడ్ దిగిపోతుందని కనిపెట్టినాడు. రంజాన్ నెలలో మా ఇంట్లోవి, మసీదు ఇఫ్తార్‌లవి సంచులకు సంచులు గింజలు తెచ్చి నా బాల్కనీలో పోసినాడు. ఎందుకురా అంటే, శుభ్రం చేసి ఎండబెట్టక్కా, ల్యాబులో పిల్లోళ్ళకు చేతకాదు అన్నాడు. గుజ్జు అంటుకొని ఈగలు, చీమలు. మా కోడలు బట్టలు ఆరేయడానికి చోటు లేక నెల రోజులు ముఖం మాడ్చుకొని తిరిగింది. నేనే కడిగి, నానబెట్టి, ఎండబెట్టి, గింజ గింజ తుడిచి ఇచ్చినాను.

ఆ పేపరు అచ్చయినాక వాని దశ తిరిగింది. ఏ దేశం వాళ్ళు పడితే వాళ్ళు దాన్ని చదివించినారు. గోడ మీద లిస్టులో వాని పేరు పైకి పోయింది. అంతకుముందు మీవాడంటే మీవాడని వాదులాడుకునే కెమిస్ట్రీ వాళ్ళూ ఇంజనీరింగు వాళ్ళూ ఇప్పుడు మావాడంటే మావాడని చెరో పూలగుత్తి ఇచ్చినారు. నేను సేమ్యా పాయసం చేసి పంచినాను. వాడు తింటా తింటా, సిమెంటు గురించి పేపరు రాసినోడు కూడా నా గింజలను చదివించినాడక్కా, సిమెంటుకూ దానికీ ఏం సంబంధం, వాడు నా పేపరు తెరిచి కూడా ఉండడు అన్నాడు. పేరొచ్చింది కదా, తెరిస్తే ఏంది, తెరవకపోతే ఏంది అన్నాను. చదివించినోళ్ళు ఉండారు, చేసి చూసినోళ్ళు ఏరీ అక్కా అన్నాడు. పాయసం గిన్నె పక్కన పెట్టేసినాడు. ఇట్లాంటి మనిషికి పాయసం చేయడం నాదే బుద్ధి తక్కువ.

వానికి నిజంగా సంతోషమైంది ఒక్కసారే. మన దిక్కునే, కదిరికి అవతల ఒక పల్లె బడిలో హెడ్మాస్టరు ఆ పేపరు సంగతి తెలుసుకొని, ఖర్జూరం దొరక్క ఈత గింజలు కాల్చి, కుండలో బొగ్గు పోసి బడి పిల్లలకు నీళ్ళు వడగట్టిస్తా ఉన్నాడంట. పిల్లోళ్ళు గ్లాసులు పట్టుకొని వరుసగా నిలబడిన ఫోటో పంపినాడు. మా తమ్ముడు ఆ ఫోటో పెద్దది చేసి, గ్లాసులు చూడకుండా పిల్లల పండ్లు చూసినాడు. ఒక్కొక్కరివే. నాకు చూపించినాడు. ఆ రోజు మూతి తెరిచి నవ్వినాడు.

ఆ తర్వాత నుంచి కష్టాలు మొదలు. ఎవరో దూరదేశం వాళ్ళు ఉత్తరం రాసినారు, మీరు చెప్పినట్టే చేసినాం, ఫ్లోరైడ్ దిగలేదని. వీళ్ళు సరిగ్గా కాల్చలేదు అనుకున్నాడు తమ్ముడు. ఇంకొకరు రాసినారు. సరేనని తానే మళ్ళీ చేయబోయినాడు. ఆ ఏడు నేను మోకాలి ఆపరేషనుకు ఊరికి పోయి ఉన్నాను. ఖర్జూరం ఫ్యాక్టరీ నుంచి కడిగిన గింజలు తెప్పించి కాల్చినారంట. దిగలేదు. పొయ్యి మార్చినాడు, నీళ్ళు మార్చినాడు, మీటర్లు మార్చినాడు. నేను తిరిగొచ్చేసరికి మనిషి సగమయినాడు. అడిగితే ఏమీ లేదక్కా అంటాడు. మా పిల్లోణ్ణి పక్కకు పిలిచి, మామకు ఏదైనా జబ్బేమో కనుక్కోరా అని నేను సతాయించినాను. క్యాన్సరేమో అని భయపడి నా బీపీ కూడా పెరిగింది. చివరికి చూస్తే గింజల బాధ.

ఒక శుక్రవారం అన్నం ముందర కూర్చొని, ముద్ద నోట్లో పెట్టుకోకుండా అడిగినాడు.

"అక్కా, అప్పుడు గింజలు ఎట్ల కడిగినావు?"

"ఎట్ల కడుగుతారు? నీళ్ళతో."

"వట్టి నీళ్ళతోనేనా?"

"వట్టి నీళ్ళతో చీమలు పోతాయా? పటిక వేసి నానబెట్టినా. మనింట్లో కుండ నీళ్ళలో వేసేవాళ్ళం కదా, అదే. ఇక్కడ షబ్బా అని అమ్ముతారు."

వాడు ముద్ద కింద పెట్టినాడు. ఎన్ని రోజులు నానినాయి, ఎంత వేసినావు అని అడిగితే, నాకేం తెలుసు, చేతికొచ్చినంత వేసినా, పురుగు రాకూడదని కొంచెం ఎక్కువే వేసినా అన్నాను. పటికలో అల్యూమినియం ఉంటుందంట. కాల్చిన బొగ్గులో అది కొంచెం కనపడిందని వాళ్ళకు అప్పుడే తెలుసంట, గిన్నెలోంచి వచ్చిందేమో అనుకొని పోనిచ్చినారంట. గింజలోకి పటిక దిగి, కాలి, ఆ పటికే ఫ్లోరైడ్‌ను పట్టుకుందని అప్పుడు తెలిసింది. గింజ చేసింది ఏమీ లేదు.

"అయితే ఇంకేం, పేపర్లో నా పేరు కూడా రాయి" అన్నాను.

ఆ మాటకు వాడు పొలమారేటట్టు నవ్వినాడు. నేను నెత్తిన తట్టి నీళ్ళు తాగించినాను. నవ్వు ఆగినాక ముఖం చూస్తే నాకు భయమేసింది.

ఇంత చిన్నదానికి ఏముంది, పటిక కూడా వేయాలి అని ఒక మాట కలిపి పంపితే సరిపోయె కదా అని నేను. అట్లా కుదరదంట. ఆ అల్యూమినియానికి ఆ గుణముందని ఎప్పుడో ఎవరో చెప్పేసినారంట, అందులో కొత్త లేదు. గింజకు ఆ గుణముందని నేను రాసినాను, అది లేదు, కాబట్టి ఆ పేపరు వెనక్కి తీసుకోవాలి అన్నాడు. వెనక్కి తీసుకుంటే ఏమవుతుంది? చదివింపులన్నీ పోతాయి. లిస్టులో కిందికి పోతాడు. కాంట్రాక్టు రాయరు.

నేను బతిమాలినాను. పోట్లాడినాను. ముందే అడిగి ఉంటే చెప్పేదాన్ని కదా, అడగకుండా రాసి ఇప్పుడు పీకల మీదికి తెచ్చుకుంటావా అన్నాను. వాళ్ళ డిపార్టుమెంటు పెద్దాయన కూడా ఇంచుమించు నా మాటే చెప్పినాడంట, ఇంకొకరు కనిపెట్టి అడిగే దాకా ఊరుకో, అందరూ ఊరుకుంటాండారు అని. ఆ పేపరు మీద వీనితో పాటు పేర్లున్న వాళ్ళలో ఒకాయన వెనక్కి తీసుకునేదానికి సంతకం పెట్టనని మొండికేసినాడు. ఇంతమందికి ఉన్న తెలివి వీనికెందుకు లేదు?

"ఒక్క ఏడాది ఆగరా. కాంట్రాక్టు రాయించుకో, తర్వాత నీ ఇష్టం" అన్నాను.

"ఆ ఏడాది ఆ బడి పిల్లోళ్ళు ఏం తాగాలక్కా?"

ఆ పల్లె నీళ్ళూ మా ఊరి నీళ్ళే. నాకు మా నాయన మెడ గుర్తొచ్చింది. పోట్లాట ఆపినాను గానీ కోపం మాత్రం పోలేదు. మంచి పనికి కూడా ఇంత మొండితనం అవసరమా అని ఇప్పటికీ అనుకుంటా.

హెడ్మాస్టరుకు ఫోన్ చేసినాడు. నేను పక్కనే ఉన్నా. ఆ కుండ నీళ్ళు పనికిరావు సార్, ఆపేయండి అంటే, ఆ మనిషి నమ్మడు. ఇంతమంది పెద్దపెద్దోళ్ళు మీ మాట ఒప్పుకొని వాళ్ళ పేపర్లలో రాసుకున్నారు కదా సార్, మీరెందుకు అనుమానపడతారు అని వీనికే ధైర్యం చెప్తాండాడు. మా తమ్ముని చదివింపులే వానికి అడ్డం తిరిగినాయి. ఇంకో సంగతి కూడా అప్పుడే బయటపడింది. అంతకుముందు ఆ ఊరి రైతు ఒకాయన బడికి ఆటోలో మంచినీళ్ళ క్యాన్లు పంపిస్తా ఉన్నాడంట. కుండ ఫిల్టరు వచ్చినాక అవసరం లేదని హెడ్మాస్టరే వద్దన్నాడంట. అంటే మా తమ్ముడు పేపరు రాయకపోయి ఉంటే పిల్లోళ్ళు క్యాన్ల నీళ్ళన్నా తాగుతా ఉందురు. అది విన్నాక వానికి అన్నం సయించలేదు.

పేపరు వెనక్కి తీసుకుంటానని దాన్ని అచ్చేసిన పత్రిక వాళ్ళకు రాసినాడు. సంతకం పెట్టనన్న ఆయనకు మళ్ళీ మళ్ళీ రాసినాడు. అనుకున్నట్టే కాంట్రాక్టు రాయలేదు, ఈ టర్ము అయినాక ఎగ్జిట్ అన్నారు. కెమిస్ట్రీ వాళ్ళు ఆయన ఇంజనీరింగు పనుల్లో పడి చెడిపోయినాడన్నారు, ఇంజనీరింగు వాళ్ళు అది కెమిస్ట్రీ తప్పు అన్నారు. వాడు పెట్టె సర్దుకుంటా, ఊరికి పోయినాక నేరుగా ఆ బడికే పోతానక్కా, పిల్లల ముందర నిలబడి నేనే చెప్తా, అప్పుడు హెడ్మాస్టరు నమ్ముతాడు అన్నాడు. బస్సులో పోతావా, కారు మాట్లాడుకో, టైముకు తిను, మాత్రలు వేసుకో అని నేను చెప్తానే ఉన్నాను. సరే అక్కా, సరే అక్కా అన్నాడు. ఆ వారమే పోయినాడు.

పోయినాక, ఆ మొండికేసిన ఆయన సంతకం పెట్టినాడు. బతికుండగా పెట్టి ఉంటే ఆయన చెయ్యి అరిగేదా? మా పిల్లోడు ఫోన్లో చూపించినాడు. పేపరు ప్రతి పేజీ మీదా అడ్డంగా ఎర్ర అక్షరాలు, దీన్ని వెనక్కి తీసుకున్నారని. కింద మా తమ్ముని పేరు. చూడలేకపోయినాను. దాన్నే వాడు కోరుకున్నాడని తెలుసు. అయినా చూడలేకపోయినాను.

ఇంకా కడుపు మండే సంగతి చెప్తా వినండి. అంత ఎర్రగా రాసి పెట్టినా, దాన్ని ఇంకా చదివిస్తానే ఉండారంట. కొత్తగా రాసేవాళ్ళు తెరిచి చూడరు, ముందు రాసినోడు రాసినాడని వీళ్ళూ రాస్తారు. మా పిల్లోడు రోజూ చూసి చెప్తాండాడు. మీ ఇండ్లలో ఇట్లాంటి చదువులు చదివే పిల్లలుంటే వాళ్ళకు చెప్పండి. ఎవరి పేరు రాసినా, ముందు వాళ్ళు రాసింది చదివి రాయమనండి. ఒక్కరు సరిగ్గా చదివి ఉంటే మా తమ్మునికి ముందే తెలిసేది. ఇది నా మాట కాదు, వాని మాట.

నిన్న నేనే హెడ్మాస్టరుకు ఫోన్ చేసినాను. ముందు ఆయన ఆరోగ్యం, ఇంట్లో వాళ్ళ ఆరోగ్యం అడిగినాను. మా తమ్ముడు పోయిన సంగతి ఆయనకు తెలీదు. నేనే చెప్పినాను. తర్వాత ఆ పేపరు మీద ఎర్ర అక్షరాలు చూసినానమ్మా, ఇప్పుడు నమ్మినా అన్నాడు. మరి కుండ ఆపినారా అంటే గొణుగుతాండాడు.

"ఊరంతా పిలిచి నాకు శాలువా కప్పినారమ్మా. క్యాన్లు వద్దని నేనే చెప్పినా. ఇప్పుడు ఆ రైతు దగ్గరికి ఏ ముఖం పెట్టుకొని పోవాల?"

"నీ ముఖం ఎందుకు నాయనా, తప్పు మావాడిది. నేను వస్తా. ఆయనింటికి నన్ను తీసుకొని పో, అడిగేది నేను అడుగుతా. పిల్లలకు చెప్పేదీ నేనే చెప్తా."

ఈ వయసులో అంత దూరం వస్తావా అమ్మా అన్నాడు. రానా మరి? మళ్ళీ ఇక్కడికి రానిచ్చే రీఎంట్రీ వీసా దొరుకుతుందో లేదో, మోకాలు ఒప్పుకుంటుందో లేదో, విమానంలో చెవులు పోటెత్తుతాయేమో, నేను లేనప్పుడు మనవళ్ళు ఏం తింటారో, అవన్నీ ఉండాయి. మా పిల్లోడు సెలవు పెట్టినాడు, తోడు వస్తాడు. వీసాకు పెట్టినారు. రైతు ఒప్పుకుంటాడో, నా మీద అరుస్తాడో, అదొక దిగులు. ఆయన అరిస్తే అరవనీ.

మాట్లాడుతా ఉండగానే అవతల గంట కొట్టినారు. పిల్లోళ్ళు అరుచుకుంటా పరిగెత్తిన చప్పుడు. కొంచెం సేపటికి కుండకు పెట్టిన కొళాయి తిప్పిన చప్పుడు, గ్లాసులు గ్లాసులకు తగిలిన చప్పుడు, నాకు నాకు అని తోసుకునేది. ఫోన్లో ఎంత బాగా వినపడిందో. తాగుతాండారా అని అడిగినాను. అన్నం వేళ కదమ్మా, తాగుతాండారు అన్నాడు. ఆ నీళ్ళు పడేది వినపడతానే ఉండాది. తర్వాత ఎప్పుడొస్తారమ్మా అని అడిగినాడు. ఈ నెల ఆఖరి సోమవారం, బడిలో ప్రార్థన గంట కొట్టక ముందే వస్తామని చెప్పినాను.